ఎత్తిన చేయి ముందు ఆగవలసిన బండి

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని గోల్‌బజార్‌లో సాయంకాలం ఒక పావుగంట నిలబడి చూచినవారికి మన దేశపు రోడ్డు ఎట్టిదో వేరుగా వివరించనక్కరలేదు. సైకిలు రిక్షా, స్థానికులు టోటో అని పిలిచే బ్యాటరీ రిక్షా, తోపుడుబండి, మోటారు సైకిలు, సరకుల వ్యాను, దారి మధ్య నెమరు వేస్తూ నిలిచిన ఆవు - వీటన్నిటికీ ఉన్న దారి ఒక్కటే. దుకాణం ముందు ఒక భాషలో మొదలైన బేరం మరొక భాషలో ముగుస్తుంది. బెంగాలీ, తెలుగు, హిందీ, ఒడియా ఒకే సందులో వినిపిస్తాయి.

ఉత్తరాది కుటుంబాల పెళ్ళి ఊరేగింపు వచ్చినదంటే ఇటువంటి రద్దీలోకి గుర్రం కూడ ప్రవేశిస్తుంది. దానిపై తలపాగా చుట్టిన వరుడు, ముందు బ్యాండు మేళం, ప్రక్కన దీపాలు మోసేవారు. వెనుక చిక్కుకున్న కారు డ్రైవరు విసిగి హారను మోగిస్తాడు. ఆ క్షణంలో గుర్రం ఏమి చేస్తుందో కారులో ఉన్నవానికి తెలియదు. జీవితంలో మొదటిసారి గుర్రమెక్కిన వరునికి అసలే తెలియదు. పగ్గం పట్టుకొని నడుస్తున్న మనిషికి మాత్రమే కొంత తెలుసును. మన చట్టం ఆ ఒక్క మనిషికి ఒక అధికారం ఇచ్చినది. ఆ సంగతి అతనికీ తెలియదు, కారు నడిపేవానికీ తెలియదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం, 132వ సెక్షను చెప్పేది ఇది: ఒక జంతువు తన అదుపు తప్పుతున్నదని గాని, వాహనాన్ని చూచి బెదరి అదుపు తప్పగలదని గాని దానిని తోలుకొని పోతున్న వ్యక్తి భయపడి, వాహనాన్ని ఆపమని కోరితే, డ్రైవరు ఆపవలెను. అవసరమైనంతసేపు కదలక నిలిచి ఉండవలెను. కోరినవాడు పోలీసు కానక్కరలేదు, ఏ హోదా ఉండనక్కరలేదు. జంతువు అతని చేతిలో ఉంటే చాలును. ఈ సూత్రం 1988లో క్రొత్తగా పుట్టినది కాదు. అంతకు ముందున్న 1939 చట్టంలోనూ ఉన్నది. జంతువు అనగా ఏమేమిటో ఆ సెక్షనే చెబుతుంది: గుర్రం, పశువులు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొర్రె, మేక. ఖరగ్‌పూర్ చుట్టుప్రక్కల మేదినీపూర్, ఝార్‌గ్రామ్ అడవులలో తిరిగే ఏనుగుల మాట వేరు. వాటి తరపున చేయి ఎత్తే మావటివాడు లేడు. అక్కడ డ్రైవరు తనంత తానే ఆగుట మేలు.

ఇట్టి నియమం ఎందుకు వచ్చినదో తెలియవలెనంటే మోటారు పుట్టిన తొలినాళ్ళకు పోవలెను. ఇంగ్లండులో 1865లో చేసిన చట్టం ప్రకారం రోడ్డుపై ఆవిరి యంత్రం నడుస్తున్నప్పుడు దానికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్ర జెండా పట్టుకొని నడవవలసి ఉండెను. ఎదురుగా వచ్చే గుర్రపు రౌతులను, బండ్లవారిని హెచ్చరించుట అతని పని. తరువాతివారు ఈ జెండా మనిషిని చూచి చాల నవ్వుకున్నారు గాని, ఆనాటి రోడ్డు గుర్రానిది, యంత్రం క్రొత్తగా వచ్చిన అతిథి. 1896లో ముందు నడిచే ఆ మనిషి అవసరం పోయినది. దాని స్థానంలో వచ్చిన నిబంధనలలో, బెదరిన గుర్రం చేతిలో ఉన్న వ్యక్తి చేయి ఎత్తితే మోటారు ఆగవలెనన్న నియమం చేరినది. జెండా పట్టిన చేయి పోయి ఉత్త చేయి మిగిలినది. ఆ చేయే సముద్రం దాటి మన చట్టంలోకి వచ్చినది.

ఇప్పుడు అతిథి ఎవరో, ఇంటివాడు ఎవరో తారుమారైనది. ఒకప్పుడు ఆంధ్ర దేశంలో రైలు దిగిన ప్రయాణికునికి స్టేషను ముందు కనిపించేది జట్కా. సైకిలు రిక్షా, తరువాత ఆటో రిక్షా వచ్చి దానిని ప్రక్కకు నెట్టినవి. ఢిల్లీ నగరంలో 2010లో టాంగాలను నిషేధించారు. ముంబయిలో వినోదం కొరకు నడిచే విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని 2015లో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పినది. అయినను గుర్రం రోడ్డు విడిచి పూర్తిగా పోలేదు. ఖరగ్‌పూర్‌కు రైలులో రెండు మూడు గంటల దూరాన ఉన్న కోల్‌కతాలో 1840 నాటి నుంచి అశ్విక పోలీసు దళం ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో యువ అధికారులకు నేటికీ గుర్రపుస్వారీ నేర్పుతారు. కొండ ప్రాంతాలలో, తీర్థయాత్రల దారులలో, సముద్ర తీరాలలో గుర్రం మీద బ్రతికే కుటుంబాలు ఉన్నవి. పెళ్ళి గుర్రం సంగతి చెప్పనే చెప్పుకున్నాము. గుర్రాలు తగ్గినకొద్దీ ప్రమాదం తగ్గుతుందని అనుకొనుట పొరపాటు. అవి తగ్గినకొద్దీ వాటి ప్రక్కన బండి ఎట్లు నడపవలెనో తెలిసిన డ్రైవర్లు కూడ తగ్గిపోతున్నారు.

ఆ తెలియకపోవుటలో అసలు చిక్కు ఇది. డ్రైవరు దృష్టిలో గుర్రం నెమ్మదిగా పోతున్న మరొక వాహనం. హారను మోగిస్తే తప్పుకొంటుందని అతని నమ్మకం. గుర్రానికి హారను అర్థం కాదు. అది మేత మేసి బ్రతికే జంతువు. మైదానాలలో తన వెనుక నక్కి వచ్చే క్రూరమృగం నుండి పరుగెత్తి ప్రాణం కాపాడుకొన్న జాతి. తెలియని చప్పుడు విన్నప్పుడు అది ముందు పరుగెత్తుతుంది, ఆలోచన ఏదైనా ఉంటే తరువాతనే. ఎన్నో ఏండ్ల శిక్షణ ఈ స్వభావాన్ని అణచి ఉంచగలదు గాని తుడిచివేయలేదు.

దాని కన్ను, చెవి ఎట్లు పనిచేస్తాయో గమనిస్తే మిగిలినదంతా సులభంగా తెలుస్తుంది. గుర్రపు కండ్లు ముఖానికి రెండు ప్రక్కల ఉంటాయి. అందుచేత అది తల త్రిప్పకుండానే తన చుట్టూ ఉన్న వలయంలో దాదాపు అంతటినీ, అనగా 360 డిగ్రీలలో సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు. కనబడనిది రెండు చోట్ల మాత్రమే: నుదుటికి, ముక్కుకు నేరుగా ముందున్న కొద్దిపాటి స్థలం, తోకకు సరిగ్గా వెనుక ఉన్న స్థలం. మోటారు బండి వచ్చేది సాధారణంగా ఈ రెండవ చోటు నుండియే. చప్పుడు వినబడుతున్నది, వస్తువు కనబడుట లేదు; ఇంతకన్న భయం కలిగించేది ఆ ప్రాణికి మరొకటి లేదు. అంతలో బండి కంటికి అందే మేరలోకి ఒక్కసారిగా దూకినట్లు వస్తుంది. ఇక చెవుల మాట. రెండు చెవులూ వేరువేరుగా తిరిగి చప్పుడు వచ్చిన దిక్కును పట్టుకొంటాయి. మనిషికి వినబడని హెచ్చు స్థాయి ధ్వనులు కూడ గుర్రానికి వినబడతాయి. లారీ ఆగినప్పుడు గాలి బ్రేకు చేసే బుస్సుమన్న చప్పుడు మనకు మామూలు. దానికి పాము బుస వంటిది.

జట్కా గుర్రానికి కంటి ప్రక్కల తోలు తెరలు కట్టేది ఇందుకే. ప్రక్కన, వెనుక కదిలే వాటిని చూచి అది బెదరకుండుటకు. కాని అవి కట్టిన గుర్రం మరింతగా చెవులపై ఆధారపడుతుంది. కనుక వెనుక నుంచి హారను మోగించుట అప్పుడు రెట్టింపు తప్పు.

బెదరిన గుర్రం సాధారణంగా ముందుకు కాక ప్రక్కకు దూకుతుంది. మూడు, నాలుగు వందల కిలోల బరువు కన్ను మూసి తెరచేలోపల ఒకటి రెండు మీటర్లు జరిగిపోతుంది. దాని గిట్టలకు కొట్టిన ఇనుప లాడాలు తారు రోడ్డుపై, అందులో వాన కురిసిన రోడ్డుపై, సులభంగా జారుతాయి. ఇప్పుడు కారు సంగతి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. డ్రైవరు కన్ను చూచి, కాలు బ్రేకును తొక్కుటకు ఒక సెకను పట్టినదనుకొంటే, బ్రేకు పడకముందే కారు 11 మీటర్లు ముందుకు పోయినదన్న మాట. వేగం 60 అయితే ఆ దూరం సుమారు 17 మీటర్లు. గుర్రం ప్రక్కకు దూకుటకు అంత సమయం అక్కరలేదు. అనగా గుర్రం దూకిన తరువాత బ్రేకు వేయుట వలన ప్రయోజనం చాల తక్కువ. దూకకముందే వేగం తగ్గి ఉండవలెను.

ఎంత తగ్గవలెను? బ్రిటన్‌లో 2022లో సవరించిన రహదారి నియమావళి దీనికి అంకెలలో సమాధానం చెప్పినది. గుర్రాన్ని దాటేటప్పుడు వేగం గంటకు 10 మైళ్ళకు, అనగా 16 కిలోమీటర్లకు లోపు ఉండవలెను. గుర్రానికి, వాహనానికి మధ్య కనీసం రెండు మీటర్ల ఎడం ఉండవలెను. గోల్‌బజార్ సందులలో రెండు మీటర్ల ఎడం ఎక్కడ దొరుకుతుందని ఎవరైనను అడుగవచ్చును. దొరకదు. దొరకని చోట దాటకూడదు. వెనుకనే ఆగి ఉండవలెను. నియమానికి అర్థం అదే గాని, ఎడం లేదు కనుక ఆనుకొని పొమ్మని కాదు. పెళ్ళి గుర్రం వెనుక నాలుగు నిమిషాలు నిలిచిన కారణంగా ఎవరి రైలూ తప్పిపోదు. తప్పినా, ఖరగ్‌పూర్ వంటి జంక్షనులో మరొక రైలు వస్తుంది.

డ్రైవరు చేయవలసినది నిజానికి చాల కొద్ది. దూరం నుంచే వేగం తగ్గించుట, హారను ముట్టకుండుట, యంత్రాన్ని గొంతెత్తి అరిపించకుండుట, రాత్రివేళ పెద్ద దీపాన్ని క్రిందికి దించుట, రౌతు గాని గుర్రపువాడు గాని సైగ చేసేవరకు వేచి ఉండుట, దాటిన తరువాత కూడ కొంతదూరం మెల్లగా పోయి అప్పుడు వేగం పెంచుట. దాటగానే ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కేవారు, గుర్రం తమ వెనుకకు పోయినది గనుక ప్రమాదం తప్పినదని తలుస్తారు. దాని చెవులు ఇంకను ఆ బండి వైపే తిరిగి ఉంటాయి. ఒక హారనులో నాలుగు రాగాలు పలికించే లారీలు, బస్సులు నేటికీ కనిపిస్తాయి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు ఇట్టి రకరకాల స్వరాల హారన్లను నిషేధించినవి. ఆ నిషేధం మనుష్యుల చెవుల కొరకు చేసినదే కావచ్చును. దాని వలన ఎక్కువ మేలు పొందేది నోరులేని జంతువులు.

అయితే బాధ్యత అంతా డ్రైవరు మీదకే త్రోసివేయుట న్యాయం కాదు. బహిరంగ మార్గంలో ప్రాణాపాయం కలిగేటట్లు నిర్లక్ష్యంగా వాహనం నడుపుట నేరమని భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను చెబుతున్నది. ఆ సెక్షను వాహనం నడిపేవానితో పాటు స్వారీ చేసేవానిని కూడ పేర్కొన్నది. తన చేతిలోని జంతువు వలన ఇతరుల ప్రాణానికి హాని కలుగకుండ తగిన జాగ్రత్త తీసుకొననివానికి 291వ సెక్షను ఉన్నది. చేయి ఎత్తే అధికారం ఉన్నవానికి జాగ్రత్త పడే విధి కూడ ఉన్నదన్న మాట.

గుర్రపువాని జాగ్రత్త రోడ్డుమీద కాదు, ఇంటి దగ్గర మొదలవుతుంది. మోటారు సైకిలు చప్పుడు, బ్యాండు మేళం, గొడుగు విప్పిన చప్పుడు, గాలికి ఎగిరే ప్లాస్టిక్ సంచి - వీటిని కొద్దికొద్దిగా, దూరం నుండి దగ్గరకు తెచ్చి అలవాటు చేసిన గుర్రాన్నే బజారులోకి తీసుకొని పోవలెను. క్రొత్త గుర్రానికి తోడుగా అనుభవం ఉన్న గుర్రాన్ని కుడి ప్రక్కన, అనగా వాహనాల వైపున నడిపించుట రౌతులలో ఉన్న పాత పద్ధతి. భయం ఎట్లు ఒక గుర్రం నుంచి మరొక గుర్రానికి ప్రాకుతుందో, ధైర్యం కూడ అట్లే ప్రాకుతుంది. అలసట మాట కూడ మరువరాదు. బరువు లాగే, మోసే జంతువుల విషయమై 1965లో చేసిన నియమాల ప్రకారం వాటిచేత రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండ ఒక్క బిగిన 5 గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట్ల మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలే చేయించరాదు. ఈ నియమం దయ కొరకు వ్రాసినది. కాని అలసిన గుర్రం తొట్రుపడుతుంది, విసిగిన గుర్రం త్వరగా బెదరుతుంది. కనుక ఇది రోడ్డు భద్రతా నియమం కూడ.

రోడ్డు మీద గుర్రం ఎడమ ప్రక్కనే పోవలెను. ఎక్కి పోతున్నప్పుడు బజారులో నడకయే గాని దౌడు తగదు. కళ్ళెం పట్టి నడిపించేటప్పుడు మనిషి గుర్రానికి కుడి ప్రక్కన, అనగా గుర్రానికీ వాహనాలకూ మధ్య ఉండవలెను. చాలమంది గుర్రాన్ని ఎడమ ప్రక్క నుంచి నడిపించుటకు అలవాటు పడినవారే. ఆ అలవాటు మైదానంలో మంచిదే. రోడ్డుపై మాత్రం గుర్రపు వెనుక కాళ్ళు వాహనాల వైపు తిరుగుటకు అది దారి ఇస్తుంది. వెనుక నుంచి బండి మరీ దగ్గరగా వస్తున్నదని తోచినప్పుడు పగ్గాలు గట్టిగా లాగరాదు. లాగితే నోరు నొచ్చి గుర్రం మరింత బెదరుతుంది. తలను కొద్దిగా కుడివైపుకు, అనగా వచ్చే బండి వైపుకు త్రిప్పవలెను. అప్పుడు రెండు మేళ్ళు జరుగుతాయి: గుర్రానికి భయపెడుతున్న వస్తువు కంటికి కనిపిస్తుంది, దాని వెనుక భాగం రోడ్డు అంచు వైపుకు, బండికి దూరంగా జరుగుతుంది. లోతైన మురుగు కాలువ అంచున ఆగుట కన్న, పది అడుగులు ముందుకు పోయి వెడల్పు ఉన్నచోట ఆగుట మేలు. ఆగిన తరువాత చేయి ఎత్తుట. ఎత్తిన చేయికి డ్రైవరు ఆగినప్పుడు తల ఊపి కృతజ్ఞత తెలుపుట చట్టంలో లేదు. ఆ డ్రైవరు తరువాతి గుర్రం దగ్గర కూడ ఆగవలెనంటే అది అవసరం.

స్వారీ చేసేవారికి శిరస్త్రాణం మన చట్టం విధించలేదు. అయినను గుర్రం మీద కూర్చున్నవాని తల మోటారు సైకిలు మీద కూర్చున్నవాని తల కన్న ఎత్తున ఉంటుంది. పడితే దెబ్బ తగిలేది ఆ తారు రోడ్డుకే. సంధ్యవేళ తరువాత నల్లని గుర్రం, నల్లని కోటు వెనుక నుంచి ఎవరికీ కనబడవు. గుర్రపు కాళ్ళకు, రౌతు నడుముకు వెలుగును త్రిప్పికొట్టే పట్టీలు, వెనుక నడిచే మనిషి చేతిలో ఎర్ర దీపం - వీటి ఖర్చు బ్యాండు మేళం ఖర్చులో నూరవ వంతు ఉండదు. పెళ్ళి ఊరేగింపులో తొందరగా కదలమని బాణసంచా గుర్రం కాళ్ళ దగ్గర కాల్చే బంధువులు కూడ ఉంటారు. డ్రైవర్లలో తొందరపాటువారు ఉన్నట్లే పెళ్ళివారిలోనూ ఉంటారు. గుర్రపువాడు ఇద్దరి మధ్యా నలిగిపోతాడు. అతడు ఆ రాత్రి కూలికి వచ్చినవాడు. గుర్రం కాలు విరిగితే పోయేది అతని జీవనాధారం.

ఆపమన్నా ఆపక పోయిన డ్రైవరు సంగతి ఏమిటి? ఆ 132వ సెక్షనులోనే దీనికి కొంత జవాబు ఉన్నది. అపాయకరంగా బండి నడిపినాడని ఆరోపిస్తూ, ముందు తన పేరు, చిరునామా చెప్పిన వ్యక్తి ఎవరు అడిగినా, డ్రైవరు తన పేరు, చిరునామా చెప్పవలసి ఉన్నది. ఆగని బండి వెంట గుర్రాన్ని పరుగెత్తించుట తెలివితక్కువ. నంబరు, బండి రకం, రంగు, సమయం, స్థలం జ్ఞాపకం పెట్టుకొనుట, చూచిన ఇద్దరి పేర్లు వ్రాసుకొనుట మేలు. ఎవరికైనా దెబ్బ తగిలితే 112కు ఫోను చేయవలెను. గాయపడినవారికి వైద్యం అందేటట్లు చూచుట ఆ ప్రమాదంలో ఉన్న డ్రైవరు విధియని 134వ సెక్షను చెబుతున్నది.

గోల్‌బజార్‌లో ఈ సంగతికి మరొక ముఖం ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను తన పెద్ద కేంద్రాలలో ఒకటిగా చేసుకొన్నది. తూర్పు తీరపు రైలు మార్గంలో ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ క్రిందికి వచ్చిన తరువాత, వాల్తేరు వైపు నుంచి వచ్చి పనిచేయుటకు తెలుగువారికి దారి సుగమమైనది. తరాలు గడచినవి, వారి మనుమలు బెంగాలీ తెలుగు వలెనే మాట్లాడతారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చుటకు ఆమోదించినది. ఖరగ్‌పూర్ అంచున పోయే 16వ నంబరు జాతీయ రహదారి అటు కోల్‌కతాను, ఇటు శ్రీకాకుళం, విశాఖపట్నాలను కలుపుతూ చెన్నై వరకు పోతున్నది. దానిమీద లారీ నడిపే మనిషి పంజాబువాడు కావచ్చును, తమిళుడు కావచ్చును, ఒడిశావాడు కావచ్చును. గుర్రం పట్టుకొన్నవాడు బీహారు నుంచి వచ్చినవాడు కావచ్చును. “ఆగండి, గుర్రం బెదరుతున్నది” అని అతడు ఏ భాషలో అరచినా, యంత్రపు చప్పుడులో, మూసిన కిటికీ అద్దాల వెనుక, ఎదుటివానికి వినబడదు. వినబడినా అర్థమయ్యే హామీ లేదు.

అరచేయి చాపి ఎత్తిన చేయికి అనువాదం అక్కరలేదు. పట్టాల ప్రక్కన పుట్టి పెరిగిన ఈ పట్టణంలో దాని అర్థం పిల్లలకు కూడ తెలుసు. ఎర్ర జెండా చేతిలో లేని పాయింట్సుమన్ రెండు చేతులూ పైకెత్తి నిలబడితే ఇంజను డ్రైవరు అతని భాష ఏమిటని అడుగడు, బ్రేకు వేస్తాడు. గోల్‌బజార్ మలుపులో గుర్రం ప్రక్కన నిలిచిన మనిషి ఎత్తే చేయి కూడ అట్టిదే.